వేడివైపు, చల్లవైపు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిసిన తర్వాత. ఒత్తులు తప్పుతాయి. దీర్ఘం ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే మన్నించి, మీరే సరిదిద్దుకుని చదువుకోండి. ఈ కథ ఎక్కడా జరగలేదు. జరిగితే ఎలా ఉంటుందో అని రాశాను.

చింతపల్లి దాటి, కాఫీ తోటల్లోంచి ఇంకా పైకెళితే, పొద్దెక్కేదాకా మంచు వీడని చోట ఒక పరిశోధన కేంద్రం ఉండేది. దాన్ని నడిపే డాక్టర్ మందాకిని ఒక కొండచిలువను పెంచుకునేది. దాని పేరు రంగి. ఊరూరా తిరిగి గారడీ చేసే ఒకతని దగ్గర నుంచి అటవీశాఖ వాళ్లు పట్టుకొచ్చి అప్పగించినప్పుడు అది బారెడు కూడా లేదట. ఇప్పుడు చుట్టలు విప్పితే మంచం పొడుగు దాటుతుంది. డాక్టరమ్మకి పెళ్లీ పిల్లలూ లేరు. ఉన్న మురిపెమంతా దాని మీదే.

రంగి ఉండే పెట్టెను చూసుకునే పని అసిరమ్మది. చెక్కతో చేసి, ముందువైపు అద్దం బిగించిన పెద్ద పెట్టె అది. చేరిన మొదటి రోజున డాక్టరమ్మ ఆమెను దాని ముందు కూర్చోబెట్టి, లోపల చెయ్యి పెట్టి చూడమంది. ఒక చివర పెడితే పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. రెండో చివర పెడితే బావిగట్టును ముట్టుకున్నట్టుంది.

"ఇది వేడివైపు, అది చల్లవైపు," అంది డాక్టరమ్మ. "మన ఒంట్లో వేడి లోపలే పుడుతుంది. దీనికి పుట్టదు. కావలసినప్పుడు వేడివైపు వస్తుంది, చాలనుకుంటే చల్లవైపు పోతుంది. ఎటు పోవాలో దాని ఇష్టం. మన పని రెండు వైపులూ ఉంచడమే."

వేడివైపు పైన తీగల బుట్టలో ఒక వేడి దీపం వేలాడుతూ ఉండేది. పాము దాన్ని చుట్టుకోకుండా ఆ బుట్ట. వేడి హద్దు దాటితే దీపం తనంతట తనే ఆరిపోయేలా గోడకి ఒక చిన్న డబ్బా. అదిగాక వెలుతురు కోసం విడిగా ఒక ట్యూబులైటు. పొద్దున వేసి సాయంత్రం తీసెయ్యాలి. మరిచిపోయి అలాగే వదిలేస్తే పాముకి పగలేదో రాత్రేదో తెలియక తిండి మానేస్తుంది.

అసిరమ్మకి ఇదంతా వింతగా తోచింది. "పెట్టి కింద కాసిన్ని నిప్పులెట్టేస్తే పోనాది గదా డాక్టరమ్మా. ఇంత కరెంటెందుకు?" అంది.

డాక్టరమ్మ రంగిని రెండు చేతులతో ఎత్తి, వెల్లకిలా తిప్పింది. కడుపు మీద అరచెయ్యంత మేర పొలుసులు లేవు. మైనం కరిగి గడ్డకట్టినట్టుంది.

"ఆ గారడీవాడు చలికి దీని కింద కాల్చిన రేకు పెట్టేవాడట. పైనించి వచ్చే వేడి దీనికి తెలుసు, అది ఎండ. కిందనించి వచ్చే వేడి నుంచి పారిపోవాలని తెలీదు. ఒళ్లు కాలిపోతున్నా వెచ్చగా ఉందనుకుని ఇంకా అదుముకుంటుంది."

అసిరమ్మ ఆ మచ్చను వేలితో తాకి చూసింది. పాపం అనిపించింది.

అసిరమ్మ పెనిమిటి బంగారయ్య కాఫీ తోటల్లో బస్తాలు మోసేవాడు. పెద్ద మనిషి. గుమ్మంలోంచి రావాలంటే తల వంచాలి. అతని తిండి గురించి ఆ చుట్టుపక్కల అందరూ చెప్పుకునేవారు. పెళ్లి భోజనాల్లో అతను ఏ వరసలో కూర్చున్నాడో చూసి వడ్డించేవాళ్లు ఆ వరస వదిలేసి పోయేవారు. అతని తల్లి సూరమ్మ అన్నం గిన్నె దింపినప్పుడల్లా అదే మాట అనేది.

"ఒలే అసిరీ, నీ మొగుడిది కడుపు కాదే, గాదె. నింపినోళ్లు అలిసిపోవాల తప్ప ఆడు అలిసిపోడు."

"నువ్వు కన్నదే గదా అత్తా. అప్పుడే సూసుకోవల్సింది."

"అప్పుడు ఇంతే ఉండీవోడు," అని సూరమ్మ మోచెయ్యి చూపించేది. ఆమె చుట్టుపక్కల ఊళ్లలో పురుళ్లు పోసేది. పుట్టిన పిల్లలందరినీ మోచేతితోనే కొలిచేది.

తర్వాత కొండమీద వానలు పోయాయి. ఒక ఏడు కాదు, వరసగా పోయాయి. చోడి పంట ఎండింది, సామ ఎండింది. కోటా బియ్యం వస్తే వచ్చాయి, లేకపోతే లేదు. బంగారయ్య పనినుంచి వచ్చి, తోటలో తినేశానని చెప్పి పడుకునేవాడు. తోటలో ఎవరూ ఎవరికీ పెట్టడం లేదని అసిరమ్మకి తెలుసు. అతని కడుపులోంచి వచ్చే చప్పుడు పక్కన పడుకున్న మనిషికి వినపడకుండా ఎలా ఉంటుంది.

డాక్టరమ్మ మందు కనిపెట్టింది ఆ రోజుల్లోనే. రంగి రక్తంలోంచి తీసింది. కొండచిలువ ఒకసారి కడుపునిండా తింటే నెల గడిపేస్తుంది. మనిషికి అది చేతకాదు. తిన్నదాంట్లో పెద్ద భాగం ఒంట్లో వేడి పుట్టించడానికే అయిపోతుంది కాబట్టి. ఆ వేడి పుట్టించడం మానేస్తే, నెలకొక భోజనం మనిషికీ చాలు. ఆ మందు మాన్పిస్తుంది.

బంగారయ్య వెళ్లి కేంద్రం వాకిట్లో నిలబడ్డాడు. డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టి అంతా చెప్పింది. దాచలేదు.

"మందు ఎక్కించడం నాకు తెలుసు బంగారయ్యా. దాన్ని వెనక్కి తీసుకోవడం నాకింకా తెలీదు. ఒకసారి ఒళ్లు మారాక మళ్లీ మామూలు చెయ్యమంటే నా చేతుల్లో లేదు. ఇంటికెళ్లి ఆలోచించుకో."

"ఆలోసించీసేను డాక్టరమ్మా. ఆకలేత్తన్నప్పుడు ఆలోసించడం అయిపోద్ది."

ఇంటికొచ్చి చెబితే అసిరమ్మ ఏడ్చింది. అతను నవ్వాడు. "నాను తినకపోతే మీరిద్దరూ తింటారు. అదీ సంగతి. ఇంకేటి కావాల?"

మొదటి నెల పండగలా గడిచింది. మందు ఒంటపట్టాక పెట్టిన మొదటి భోజనం చూడటానికి కేంద్రంలో పనిచేసే వాళ్లంతా వచ్చారు. ఒక కోడి, పెద్ద గిన్నెడు అన్నం, గుమ్మడికాయ పులుసు, అరటిపళ్ల గెల. అన్నీ అయ్యాక బంగారయ్య గెల కాడను అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్నేటి సేత్తారు?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత కేంద్రంలోనే ఒక వేడి దీపం కింద నాలుగైదు రోజులు కదలకుండా పడుకున్నాడు. లేచాక నెలంతా తిండి మాట ఎత్తలేదు. ఇంట్లో కోటా బియ్యం మిగిలాయి. సూరమ్మ బుగ్గలు నిండాయి. అసిరమ్మ ఆ నెలలో ఒకరోజు తిన్న కంచం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కోకుండా చాలాసేపు ఉండిపోయింది.

చలి మొదలయ్యాక తెలిసింది.

అతని చెయ్యి తాకితే నీళ్ల చెంబును తాకినట్టుండేది. పొద్దున్నే నోట మాట వచ్చేది కాదు, నాలుక తిరిగేది కాదు. వాకిట్లో ఎండ ఎటు జరిగితే అటు పీట జరుపుకుంటూ కూర్చునేవాడు. మబ్బు పట్టిన రోజున ఆ పీట మీదే, కళ్లు తెరుచుకుని, బొమ్మలా ఉండిపోయేవాడు. బస్తాలు మొయ్యడం మాట దేవుడెరుగు, తన దుప్పటి తను మడతపెట్టుకోవడానికి మధ్యాహ్నం కావాలి.

రాత్రిళ్లు అసిరమ్మను గట్టిగా పట్టుకుని పడుకునేవాడు. పెళ్లైన కొత్తలో కూడా అంత గట్టిగా పట్టుకోలేదు. కాసేపటికి ఆమె పళ్లు కొట్టుకునేవి. ఒంట్లో వెచ్చదనమంతా అతనిలోకి పోతున్నట్టుండేది. లేచి పొయ్యి దగ్గరికి పోదామంటే అతను వదిలేవాడు కాదు. నన్ను పట్టుకున్నాడా, నా వేడిని పట్టుకున్నాడా అని ఆమెకి అనుమానం. అడిగితే అతనికీ తెలియదు.

డాక్టరమ్మ రంగి గదిని ఆనుకుని ఉన్న సామాన్ల గది ఖాళీ చేయించింది. రంగి పెట్టెకి కరెంటు పని చేసిన మనిషే వచ్చి ఇక్కడా తీగలు లాగాడు. అదే రకం దీపాలు, అదే తీగల బుట్టలు, గోడకి అదే డబ్బా. పొద్దున వెలిగి సాయంత్రం ఆరే ట్యూబులైటు. నులకమంచం పట్టేంత మేర వేడివైపు. గుమ్మం దగ్గర చల్లవైపు. పనంతా అయ్యాక ఆ మనిషి బంగారయ్యను చూడకుండా సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాడు.

సూరమ్మ మాత్రం ఆ గదిని తన పేరుతో పిలిచింది. "బాలింత గది," అనేది. "కిటికీలు ముయ్యాల, గాలి తగలకూడదు, ఎచ్చగుండాల. అంతే గదా. ఎంతమందికి సెయ్యలేదు నాను."

ఆ మందు తీసుకున్నవాళ్లు మరి కొంతమంది ఉన్నారు. ఒకతను ఈ చలి పడలేక కింద మైదానానికి దిగిపోయాడు. చైత్రం దాకా బాగానే ఉన్నాడు. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం రోడ్డు మీద పడిపోయాడు, మళ్లీ లేవలేదు. వేడి తెచ్చుకోవడమే కాదు, దించుకోవడం కూడా ఆ ఒంటికి రాదు. ఇంకొకతని ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ గదంతా నాలుగు మూలలా ఒకేలా వేడి చేశారు. పారిపోవడానికి చల్లవైపు లేక అతను లోలోపలే ఉడికిపోయాడు.

ఆ కబుర్లు వచ్చినప్పుడల్లా డాక్టరమ్మ ప్రయోగశాలలోకి పోయి తలుపు వేసుకునేది. బయటికి వచ్చినప్పుడు అసిరమ్మ మొహం వంక చూసేది కాదు. ఒకసారి అసిరమ్మే అడిగింది.

"దొరికిందా అమ్మా?"

"వెళ్లే దారే దొరికింది అసిరమ్మా. వచ్చే దారి ఆ రక్తంలో లేదు. ఉందో లేదో తెలియని చోట వెతుకుతున్నాను." తలుపు గడియ మీద చెయ్యి వేసి మళ్లీ అంది. "నన్ను తిట్టొచ్చు నువ్వు."

"తిడితే ఎచ్చబడతాడేటి?"

ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. ఎన్నో ఏళ్లుగా రాని వానంతా ఒక్కసారే వచ్చిపడ్డట్టు కురిసింది. చెట్లు కూలి కరెంటు తీగలు తెగాయి. కొండచరియ జారి రోడ్డు మూసుకుపోయింది. కేంద్రంలో జనరేటరు తిరిగినంతసేపు తిరిగి, డీజిలు అయిపోయి ఆగింది.

బంగారయ్య ఆ నెల భోజనం చేసింది ముందు రోజే.

డాక్టరమ్మ అతని పొట్ట మీద చెయ్యి వేసి చూసి అసిరమ్మతో చెప్పింది. "ఒట్టి కడుపుతో ఉంటే ఎంత చల్లబడినా భయం లేదు, నిద్రపోతాడు. రంగి ఇప్పుడు ఒట్టి కడుపుతోనే ఉంది చూడు. కానీ ఇతను నిండా తిని ఉన్నాడు. ఒళ్లు వెచ్చగా ఉంటేనే అది అరుగుతుంది. చల్లబడితే లోపలే కుళ్లిపోతుంది. అది విషం."

రంగి కోసం దాచిన బ్యాటరీని ఆమె తన చేత్తోనే ఊడదీసి తెచ్చి బంగారయ్య దీపానికి తగిలించింది. రంగి చుట్టలు చుట్టుకుని, తల లోపల దాచుకుని, రాయిలా అయిపోయింది. బ్యాటరీ ఒక రాత్రి గడిపింది. మర్నాడు పొద్దెక్కేసరికి దీపం నారింజ రంగులోకి దిగి, మసకబారి, ఆరిపోయింది.

డాక్టరమ్మ వానకోటు వేసుకుంది. తోటవాళ్ల గోదాములో డీజిలు ఉంటుందని, ఒక ఫారెస్టు గార్డును తోడు తీసుకుని నడిచి బయలుదేరింది. గుమ్మంలో ఆగి ఇద్దరికీ చెప్పింది.

"మీ ఒళ్లే ఇప్పుడు దీపాలు. చెరోపక్కా పడుకోండి. నీళ్లు కాచి సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి పెట్టండి. నిప్పు మాత్రం దగ్గరికి తేవద్దు."

అసిరమ్మ ఒక పక్కా సూరమ్మ ఒక పక్కా పడుకున్నారు. ఇద్దరు ఆడవాళ్ల వెచ్చదనం అంత పెద్ద ఒంటికి ఏం సరిపోతుంది. కట్టెలు తడిసి పొగ తప్ప మంట రావడం లేదు. సీసాలు పెట్టినంతలోనే చల్లారిపోతున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి బంగారయ్య పెదాలు నల్లబడ్డాయి. పొట్ట ఉబ్బి డోలులా అయింది. పిలిస్తే కనుగుడ్డు మాత్రం మెల్లగా తిరిగింది.

సూరమ్మ లేచింది. ఇంట్లో గోనెసంచిలో మిగిలిన బొగ్గులు తెచ్చి కుంపటి రాజేసింది. విసనకర్రతో విసిరి, బొగ్గులు ఎర్రగా అయ్యేదాకా విసిరి, రెండు చేతులా పట్టుకుని గదిలోకి తెచ్చింది.

అసిరమ్మ అడ్డం నిలబడింది. "వొద్దత్తా. డాక్టరమ్మ సెప్పింది."

"డాక్టరమ్మ ఏటి సెప్పినా దీపం వొచ్చే దాకా గదా. ఆడు సచ్చిపోతన్నాడే. సూడు ఆ మూతి."

"పాము కడుపు మీద మచ్చ సూసేనత్తా నాను. కిందనించి కాలితే తెలీదంట."

సూరమ్మ ఆగింది. కుంపటి వెలుగులో ఆమె మొహం ఎర్రగా ఉంది.

"నా కొడుకు పామేటే?" అంది.

అసిరమ్మకి కాదు అనాలని ఉంది. ఏడాదిగా ఎవరైనా కాదు అంటారేమోనని ఎదురుచూస్తూ ఉంది. దీపాలు, తీగల బుట్టలు, వేడివైపు, చల్లవైపు, అన్నిటి మధ్యా ఒక్క మనిషి అతన్ని మనిషి అంది. ఆమె పక్కకి జరిగింది. జరగడమే కాదు, కుంపటి లోపలికి పోవడానికి అడ్డం వస్తుందని మంచం మీంచి వేలాడే దుప్పటి అంచు పైకెత్తి పట్టుకుంది.

సూరమ్మ బాలింతలకి పెట్టినట్టే పెట్టింది. మంచం కింద నడుముకి సరిగ్గా. నులక మీద గోనె, గోనె మీద పాత చీర. నిప్పుల మీద కాస్త సాంబ్రాణి చల్లింది. గదంతా తెల్లటి పొగ, మంచి వాసన. కాసేపటికి బంగారయ్య పెదాలు కదిలాయి. ఇంకాసేపటికి నల్లదనం పోయింది. పొట్టలోంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. అరుగుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమా," అన్నాడు. "ఎంత హాయిగుందో."

"ఉంటాది నాయినా. నువ్వు పుట్టినప్పుడూ ఇదే వాన. మంచం కింద ఇలాగే ఎట్టేరు మనకి."

"అప్పుడు నానేటి తిన్నాను?"

"నన్నే తిన్నావు," అంది సూరమ్మ. బంగారయ్య నవ్వాడు. అసిరమ్మ కూడా నవ్వింది. చాలా నెలల తర్వాత ముగ్గురూ కలిసి నవ్వడం అదే. బొగ్గులు తగ్గితే సూరమ్మ మళ్లీ వేసింది. సాంబ్రాణి మళ్లీ చల్లింది. అతను కదలకుండా, వీపు మంచానికి అదుముకుని, కళ్లు మూసుకుని సుఖంగా పడుకున్నాడు.

సాయంత్రానికి డాక్టరమ్మ వచ్చింది. నిలువెల్లా తడిసి, చేతిలో డీజిలు డబ్బాతో. గుమ్మంలో అడుగు పెట్టి, గాలి పీల్చి, డబ్బా అక్కడే వదిలేసింది. సాంబ్రాణి కింద ఇంకో వాసన ఉంది. లోపల ఉన్నవాళ్లకి తెలియలేదు. బయటినుంచి వచ్చిన మనిషికి తెలిసింది. ఆమె కుంపటిని కాలితో తన్నేసి, అతన్ని పక్కకి తిప్పింది.

పాత చీర అతనితోపాటు లేచి వచ్చింది.

"ఏటైంది?" అన్నాడు బంగారయ్య. "ఎందుకు తీసేత్తన్నారు, బాగుంది గదా."

సూరమ్మ తన రెండు అరచేతులూ చూసుకుంటూ గోడకి ఆనుకుని, మెల్లగా కిందికి జారి కూర్చుంది.

దీపాలు మళ్లీ వెలిగాయి. రంగి చుట్టలు విప్పి లేచి, ఏమీ జరగనట్టు నాలుక ఆడించింది. బంగారయ్య బోర్లా పడుకుని ఉండేవాడు. తిన్నది అరిగింది, దానివల్ల ప్రాణం దక్కింది. వీపు మాత్రం మానలేదు. పుండు చీము పట్టింది. సూదులు వేసినా లోపలి ఒళ్లు చల్లగా ఉండటంతో మందు కదలలేదు. రోడ్డు ఇంకా మూసుకునే ఉంది. డోలీ కట్టి మోసుకెళదామంటే ఆ చలిలో దారిలోనే అయిపోతాడు.

"మనకి పుండు చేస్తే జ్వరం వస్తుంది," అంది డాక్టరమ్మ. "అది మంచికే, ఆ వేడికి లోపలి పురుగు చస్తుంది. ఇతనికి జ్వరం రాదు. జబ్బు చేసిన పాము తనంతట తనే దీపం కిందికి పోయి, అక్కడే రోజంతా పడి ఉండి, జ్వరం తెచ్చుకుంటుంది. ఇతనూ పోవాలి. దీపం వేడి పెంచి పెడతాను. దాని కింద ఉండాలి."

"మేమే ఒత్తి పట్టుకుంటాం," అంది అసిరమ్మ. "కట్టేత్తాం."

"కట్టేస్తే ఎప్పుడు చాలో అతను చెప్పలేడు, మనకి తెలీదు. ఉడికిపోయినతను గుర్తున్నాడుగా. తనే రావాలి, తనే పోవాలి."

దీపం వేడి పెంచారు. దాని కింద చాప వేసి బంగారయ్యను పడుకోబెట్టారు. అతను కాసేపు ఉండి, మోచేతుల మీద పాక్కుంటూ గుమ్మంవైపు వచ్చేశాడు. మళ్లీ తీసుకెళ్లారు. మళ్లీ వచ్చేశాడు. చల్లవైపు గోడకి ఆనుకుని సూరమ్మ కూర్చుని ఉంది. కుంపటి రోజునుంచి ఆమె అక్కడే ఉంది. తిండి లేదు, మాట లేదు. అతను వచ్చి ఆమె కాళ్ల దగ్గర తల పెట్టుకుని పడుకుంటున్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు అసిరమ్మ అతని మొహం తన వైపు తిప్పుకుంది.

"మావా, అక్కడుంటేనే బతుకుతావు. ఎందుకొచ్చేత్తన్నావు?"

"అమ్మ ఒక్కర్తీ కూకుంది గదే. మాటాడ్డం లేదు," అన్నాడు.

సూరమ్మ విన్నది. చేతులు నేలకి ఆనించి లేచింది. గోడ పట్టుకుని నడిచి, సరిగ్గా దీపం కింద, చాప మీద చతికిలబడింది. ఆరోగ్యమైన మనిషే అక్కడ కాసేపు నిలబడితే చెమటలు కక్కుతుంది. పండు ముసలిది. తిని ఎన్నాళ్లయిందో.

"ఇటు రారా నాయినా," అంది. ఇన్నాళ్లకి అదే మొదటి మాట.

"అక్కడ నీకు ఉడుకుతాదమ్మా. నువ్వే ఇటు రా."

"నాను రాను. నువ్వే రా."

బంగారయ్య పాక్కుంటూ వెళ్లాడు. ఆమెను అక్కణ్నుంచి లేవదీద్దామనే వెళ్లాడు. చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె ఆ చేతిని వదలకుండా అతని తలను ఒళ్లోకి తీసుకుంది. అతనికి బలం లేదు. అక్కడే ఉండిపోయాడు.

డాక్టరమ్మ అతని చంకలో గాజు గొట్టం పెట్టి వేడి చూస్తూ ఉంది. ఎక్కుతోంది. పొద్దు వాలేదాకా ఇలాగే ఉంటే చాలు అంది. సూరమ్మ రవికె తడిసి ఒంటికి అతుక్కుంది. నుదుటి మీంచి కారే చెమట చుక్కలు చుక్కలుగా కొడుకు చెంప మీద పడుతున్నాయి. అసిరమ్మ నీళ్లు తాగిస్తే రెండు గుక్కలు తాగి, మూడోది కక్కేసింది. తడిగుడ్డ నెత్తిన వేస్తే అది కాసేపట్లో ఆరిపోయింది. ఊపిరి పైపైనే ఆడుతోంది.

డాక్టరమ్మ లేచింది. "పెద్దమ్మా, చాలు. లేవండి. మీ గుండె తట్టుకోదు."

"లేత్తే ఆడూ లేత్తాడు," అంది సూరమ్మ. కళ్లు మాత్రం కోడలి మీద ఉన్నాయి. అసిరమ్మ గోడ దగ్గర, దీపం స్విచ్చి మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. "ఒలే, దాని మీంచి సెయ్యి తియ్యి."

అసిరమ్మ చెయ్యి తియ్యలేదు. నొక్కనూ లేదు. నొక్కితే అత్త బతుకుతుంది. నొక్కకపోతే మొగుడు బతుకుతాడు. ఇద్దరూ ఒకే దీపం కింద ఉన్నారు. ఆ దీపానికి ఉన్నది ఒక్కటే స్విచ్చి. ఆమె చెయ్యి దాని మీద అలాగే ఉండిపోయింది. ఎంతసేపో ఆమెకి తెలియదు.

పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ గొట్టం తీసి చూసి, "వచ్చింది," అంది. "ఇక చాలు, ఆపెయ్." అప్పుడు అసిరమ్మ నొక్కింది. సూరమ్మ తల అప్పటికే ముందుకు వాలి ఉంది. నిద్రపోయినట్టే ఉంది. ఇద్దరూ కలిసి ఎత్తి తెచ్చి గుమ్మం దగ్గర, చల్లగాలి తగిలేచోట పడుకోబెట్టారు. డాక్టరమ్మ ఆమె గుండెల మీద రెండు చేతులతో ఒత్తింది. ఒత్తుతూనే ఉంది. ఎప్పటికో ఆపి, బయటికెళ్లి మెట్ల మీద కూర్చుంది.

బంగారయ్య రెండు రోజులు తెలివి లేకుండా నిద్రపోయాడని చెబితే నమ్మొచ్చు, కానీ అలా జరగలేదు. అతను గంటలోపే కళ్లు తెరిచాడు. మొహంలో కొత్తగా తేట వచ్చింది. చుట్టూ చూసి, పాక్కుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాడు. తల్లి పక్కన చేరి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికి కొండగాలికి అది చల్లారింది. అతను ఆ చెయ్యిని తన చెంపకి ఆనించుకుని, అర్థమైనట్టు తల ఊపాడు.

"అసిరీ," అని పిలిచాడు. "అమ్మ సల్లబడిపోనాదే. నాకు ఎట్టినట్టే ఆ దీపం అమ్మకి ఎట్టు."

అసిరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"బయపడకు. నానూ ఇలాగే ఉంటాను గదా పొద్దున్నే," అన్నాడు. "కాసేపటికి లేత్తాది."

అసిరమ్మ వెళ్లి దీపాన్ని బుట్టతో సహా కొక్కెం మీంచి దించింది. తీగ అందినంత దూరం లాగి తెచ్చి, అత్త తలవైపు గుమ్మానికి తగిలించి, స్విచ్చి వేసింది. బంగారయ్య తల్లి చెయ్యి వదలకుండా పక్కనే పడుకుని, ఆమె మొహం మీద పడుతున్న ఎర్రటి వెలుగును చూస్తూ ఎదురుచూశాడు.

గండి చిలకమ్మ
వయసు డెబ్బై ఒకటి
ఇప్పుడు ఉండేది నర్సీపట్నంలో, చెల్లెలి ఇంట్లో